సెకనులో అరవయ్యో వంతు



గేమింగ్ కన్సోల్ కొందామని దుకాణానికి వెళ్తే అమ్మేవాళ్ళు ముందుగా చెప్పేది చుక్కల లెక్క. 4కె అంటారు, హెచ్.డి.ఆర్. అంటారు. ప్లేస్టేషన్ 5 వచ్చిన కొత్తలో దాని డబ్బా మీద 8కె అని కూడా అచ్చు వేశారు. కొన్నాళ్ళకి ఆ అక్షరాలు చప్పుడు చెయ్యకుండా మాయమయ్యాయి. ఇవన్నీ నిలకడగా ఉన్న బొమ్మ లెక్కలు. ఆటలో బొమ్మ ఎక్కడ నిలుస్తుంది? కారు మలుపు తిరుగుతుంది, శత్రువు వెనకనుంచి వస్తాడు, మీరు మీట నొక్కుతారు. అప్పుడు బొమ్మ ఎంత బాగుందన్నది సగం సంగతి. ఎంత సేపట్లో వచ్చిందన్నది మిగతా సగం. నన్నడిగితే ఈ రెండో సగమే పెద్దది.

బొమ్మ కనపడని రేడియోలో బొమ్మల గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. నేను మాట్లాడబోయేది ఎక్కువగా కాలం గురించి. సెకన్ల లెక్క రేడియోవాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు?

మామూలు టీవీ తెర సెకనుకి 60 సార్లు తన బొమ్మని మార్చుకుంటుంది. ఒక్కో బొమ్మకి, అంటే ఒక్కో ఫ్రేముకి, 16.7 మిల్లీసెకన్లు దక్కుతాయి. ఆ కాస్త వ్యవధిలో కన్సోల్ మీ వేళ్ళు ఏ మీట మీద ఉన్నాయో చూసుకోవాలి. ఎవరు ఎటు కదలాలో, ఎవరికి దెబ్బ తగిలిందో తేల్చాలి. వెలుగునీడలు లెక్కకట్టాలి. తెర 4కె అయితే దాదాపు 83 లక్షల చుక్కలకి రంగు పులమాలి. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటికి.

ఆలస్యమైతే ఏమవుతుంది? ప్రతి 16.7 మిల్లీసెకన్లకీ ఒక ఆర్టీసీ బస్సు బయల్దేరుతుందనుకోండి. డ్రైవరు ఎవరి కోసమూ ఆగడు. మీ బొమ్మ 17 మిల్లీసెకన్లకి తయారైంది. వెంట్రుకవాసి ఆలస్యం, అంతే. కానీ బస్సు దాటిపోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా నిలబడాల్సిందే, ఈలోగా తెర మీద పాత బొమ్మే మరోసారి కనబడుతుంది. ప్రతి బొమ్మా ఇలాగే రవ్వంత ఆలస్యమైతే సెకనుకి 60 కాస్తా సరిగ్గా సగానికి, అంటే 30కి పడిపోతుంది. కన్సోల్ ఆటల్లో ఎప్పుడు చూసినా 30 లేదా 60 అన్న మాటే వినబడటానికి కారణం ఇదే. ఆగడం ఎందుకని కదులుతున్న బస్సులోకే బొమ్మని తోసేసే ఆటలూ ఉన్నాయి. వాటిలో తెర పైభాగం పాత బొమ్మ, కిందిభాగం కొత్త బొమ్మ, మధ్యలో అడ్డంగా చిరిగినట్టు ఒక గీత. కారు వేగంగా మలుపు తిరిగేటప్పుడు కరెంటు స్తంభం నడుముకి విరిగి రెండు ముక్కలై కనబడుతుంది.

ఈ కాలం లెక్క ఇవాళ్టిది కాదు. 1978లో జపానులో తొమోహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్ చూడండి. పైనుంచి 55 మంది శత్రువులు వరసలు కట్టి దిగుతుంటారు, కింద మీరు కాలుస్తుంటారు. అందులోని ఇంటెల్ 8080 ప్రాసెసరు పాపం ఒక ఫ్రేముకి ఒక్క శత్రువునే జరపగలిగేది. 55 మందీ ఉన్నప్పుడు దండు మొత్తం ఒక్క అడుగు వెయ్యడానికి 55 ఫ్రేములు, దగ్గర దగ్గర సెకను పట్టేది. మీరు కొట్టేకొద్దీ మిగిలినవాళ్ళ వంతు త్వరగా వస్తుంది. చివరికి ఒక్కడే మిగిలితే ప్రతి ఫ్రేమూ వాడిదే, తెర ఈ చివర నుంచి ఆ చివరకి ఉరుకులే ఉరుకులు. గెలుపు దగ్గరపడేకొద్దీ గుండె దడ పెరిగే ఆ ఏర్పాటు యంత్రం నీరసంలోంచి పుట్టింది. దాన్ని సరిచెయ్యకుండా అలాగే ఉంచడంలోనే ఆయన ప్రతిభ ఉంది.

మన ఊళ్ళకి ఈ ఆటలు టీవీ గేము పేరుతో 90ల్లో వచ్చాయి. నింటెండో కన్సోలుకి కాపీలు అవి. పసుపు రంగు క్యాసెట్టు, దాని మీద 9999 ఆటలని అచ్చు. తీరా పెట్టి చూస్తే అవే పదీ పన్నెండు ఆటలు పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే డక్ హంట్. ఆ డక్ హంట్ తుపాకీ ఎలా పనిచేసేదో ఎంతమందికి తెలుసు? తుపాకీలోంచి తెరకి ఏదో కిరణం పోతుందని పిల్లలందరి నమ్మకం. నిజానికి వ్యవహారం తిరగబడి ఉంది. వెలుగు వచ్చేది తెరలోంచి, పట్టుకునేది తుపాకీ. గొట్టంలో ఒక చిన్న కటకం, దాని వెనక వెలుగుని పసిగట్టే పరికరం ఉంటాయి. మీరు మీట నొక్కగానే ఆట ఒక ఫ్రేము పాటు తెర మొత్తాన్ని నల్లగా చేసేస్తుంది. తర్వాతి ఫ్రేములో బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చతురస్రం గీస్తుంది. ముందు చీకటి, వెంటనే వెలుగు కనబడితే గురి కుదిరినట్టు. రెండు బాతులుంటే రెండు చతురస్రాలు, ఒకదాని తర్వాత ఒకటి, చెరొక ఫ్రేములో. ఏ ఫ్రేములో వెలుగు తగిలిందో చూసి ఏ బాతు చచ్చిందో తేలుస్తుంది. నల్ల ఫ్రేము ఎందుకంటే, తెలివైన పిల్లలు తుపాకీని పైనున్న బల్బు వైపు పెట్టి అన్నీ గెలిచెయ్యకుండా. చీకటి కావాల్సిన సమయంలో వెలుగు కనబడిందంటే దొంగ దొరికినట్టే.

ఇదంతా పాత డబ్బా టీవీ దయ. అందులో సిగ్నల్ వచ్చిన క్షణానే ఎలక్ట్రాన్ పుంజం తెర మీద ఆ చోట వెలుగు గీస్తుంది. ఇప్పటి ఎల్.సి.డి. టీవీకి ఆ తుపాకీ తగిలిస్తే ఒక్క బాతూ చావదు. వచ్చిన బొమ్మని టీవీ ముందు లోపల పెట్టుకుని, మెరుగులు దిద్ది, తీరిగ్గా చూపిస్తుంది. చతురస్రం తెర మీదకి వచ్చేసరికి తుపాకీ చూడ్డం మానేసి చాలాసేపవుతుంది. తుపాకీలోని సర్క్యూటు కూడా డబ్బా టీవీ మినుకుకే స్పందించేలా కట్టింది. 40 ఏళ్ళనాటి ఆ బొమ్మ తుపాకీ మన కొత్త టీవీలో ఎంత ఆలస్యం ఉందో ఇలా పట్టిచ్చేస్తుంది.

ఇంకో పాత లెక్క ఉంది. జపాను, అమెరికాల్లో టీవీ సెకనుకి 60 సార్లు మెరిసేది. యూరపులో, 1982లో రంగుల ప్రసారాలు మొదలయ్యాక మన దగ్గరా ఉన్న పాల్ పద్ధతిలో 50 సార్లే. కరెంటు తరచుదనం ఎంతుంటే టీవీదీ అంత అని మొదట్లో పెట్టుకున్న ఏర్పాటు అది. ఆటలు చాలావరకు జపానులో 60కి లెక్కవేసి రాసినవి. ప్రతి ఫ్రేముకీ ఇన్ని చుక్కలు జరుగు అని రాస్తారు కదా, ఫ్రేములు తగ్గితే ఆటే నెమ్మదిస్తుంది. సెగా వారి సోనిక్ అంటే వేగానికి పేరు. యూరపు పిల్లలు ఆడిన మొదటి సోనిక్ జపాను సోనిక్ కంటే ఆరో వంతు నెమ్మది, దాని పాట కూడా సాగదీసినట్టే మోగేది. పోల్చి చూసుకునే అవకాశం లేదు గనక అదే అసలు వేగం అనుకున్నారు. మనవాళ్ళకి ఇంకో తంటా. అమెరికా నుంచి బంధువులు ముచ్చటపడి తెచ్చిన కన్సోల్ ఇక్కడి పాల్ టీవీకి తగిలిస్తే రంగులు పోయి నలుపు తెలుపులో వచ్చేది. అది కూడా 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కొన్నాకే.

90ల నడుమ ఆటలు చదునుబొమ్మల నుంచి మూడు కొలతల ప్రపంచంలోకి వచ్చాక ఫ్రేముల కరువు మొదలైంది. నింటెండో 64 మీద 1996లో వచ్చిన సూపర్ మారియో 64 సెకనుకి 30 ఫ్రేములు. 1998లో వచ్చిన జెల్డా, ఒకరీనా ఆఫ్ టైమ్, చాలామంది దృష్టిలో ఇప్పటికీ గొప్ప ఆటల్లో ఒకటి, నడిచింది 20 ఫ్రేముల మీద. అదే యంత్రం మీద, అదే ఏడాది ఎఫ్-జీరో ఎక్స్ అనే పందెం ఆట 60 ఫ్రేములతో పరుగెత్తింది. 30 వాహనాలు ఒకేసారి బాట మీద ఉన్నా తగ్గలేదు. ఎలా? చెట్టూ లేదు, చేమా లేదు, వాహనాలు పెట్టెల్లాంటివి, బాట చుట్టూ దాదాపు ఖాళీ. పత్రికల్లో వేసిన ఫోటోల్లో ఆ ఆట బీదగా కనబడింది. చేతిలోకి తీసుకున్నవాళ్ళు వదల్లేదు. ఫోటో చూసి ఆటని అంచనా వేసే అలవాటు అప్పట్నుంచీ ఉంది, ఇవాళ్టి ట్రెయిలర్ల కాలంలో అది ఇంకాస్త ముదిరింది.

ఇక్కడ ఒక సందేహం సహజం. సినిమా సెకనుకి 24 ఫ్రేములే కదా, దానికి లేని బాధ ఆటకెందుకు? సినిమా కెమెరాలో ప్రతి ఫ్రేమూ కొంతసేపు తెరుచుకుని ఉంటుంది, కదలిక ఆ ఫ్రేములోనే సన్నగా అలుక్కుపోతుంది, కన్ను దాన్ని కలుపుకుంటుంది. ఆటలో ప్రతి ఫ్రేమూ సుత్తితో కొట్టినంత స్పష్టం. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఖాళీ పళ్ళసందులా కనబడుతుంది. అందుకని 30 ఫ్రేముల ఆటల్లో ఆ అలుకుడుని కావాలని లెక్కగట్టి పూస్తారు. అంతకంటే ముఖ్యం, సినిమాలో హీరో మీ మీట కోసం చూడడు. 30 ఫ్రేముల ఆటలో మీరు నొక్కిన మీట ఫలితం చూపించడానికి యంత్రం కనీసం 33 మిల్లీసెకన్ల మెట్ల మీద నడుస్తుంది, 60లో ఆ మెట్టు సగం. ఆడేవాడు లెక్క చెప్పలేకపోవచ్చు, చెయ్యి బరువెక్కినట్టుంది అని మాత్రం తప్పకుండా అంటాడు. 2012లో పీటర్ జాక్సన్ హాబిట్ సినిమాని 48 ఫ్రేములతో తీస్తే టీవీ సీరియల్లా ఉందని చాలామంది ముఖం చిట్లించారు. ఆటల్లో మాత్రం 60 కోసం దెబ్బలాడతారు. చూడ్డానికీ చెయ్యడానికీ అంత తేడా ఉంది.

ఇప్పుడు మీ ఇంట్లోనే చేసి చూడగల పని ఒకటి చెబుతాను. ఏదైనా వార్తా ఛానెల్ పెట్టండి. అడుగున పరుగెత్తే అక్షరాలుంటాయి కదా, ఒక్క మాటని పట్టుకుని దాని వెంటే కళ్ళు జరుపుతూ చదవండి. అంచులు అలుక్కుపోయినట్టు కనబడతాయి. ఇప్పుడు అదే తెరని మొబైలుతో ఫోటో తీయండి. ఫోటోలో అక్షరాలు చాలావరకు శుభ్రంగానే ఉంటాయి. మరి అలుకుడు ఎక్కడుంది? మీ కంట్లో ఉంది. ఎల్.సి.డి. తెర ఒక బొమ్మని చూపించి తర్వాతి బొమ్మ వచ్చేదాకా దాన్ని కదలనివ్వకుండా పట్టుకుని ఉంటుంది. కన్ను మాత్రం ఆగదు, అక్షరంతో పాటు సాఫీగా జరుగుతూనే ఉంటుంది. ఆగిన బొమ్మ, జరిగే కన్ను. రెటీనా మీద బొమ్మ జారి మరకవుతుంది.

లెక్క కడితే సంగతి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. 4కె తెర అడ్డంగా 3840 చుక్కలు. ఒక కారు తెర ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క సెకనులో దాటిందనుకోండి. 60 ఫ్రేముల దగ్గర ఫ్రేముకి 64 చుక్కల దూరం. అంటే కన్ను దాన్ని వెంబడిస్తే మరక వెడల్పు 64 చుక్కలు. డబ్బు పోసి కొన్న 83 లక్షల చుక్కలు కారు కదలనంతసేపే మీవి. 120 ఫ్రేములయితే మరక 32కి దిగుతుంది. పాత డబ్బా టీవీలో ఈ జబ్బు లేదు. దాని వెలుగు ఒక మిల్లీసెకను అటూఇటూగా మెరిసి ఆరిపోయేది, మిగతా సమయమంతా చీకటి. చీకట్లో కన్ను జరిగినా మరక పడదు. పాత టీవీ మీద సోనిక్ ఆడినవాళ్ళు ఇప్పటి తెర మీద ఏదో తగ్గింది అంటే చాదస్తం అని కొట్టిపారెయ్యకండి, వాళ్ళ కన్ను చెబుతున్నది నిజం.

టీవీ కంపెనీలు ఈ మరకకి ఒక విరుగుడు కనిపెట్టాయి. రెండు ఫ్రేముల్ని పోల్చి, మధ్యలో ఉండాల్సినదాన్ని తామే ఊహించి గీసి దూర్చడం. క్రికెట్‌కి బాగుంటుంది. సినిమాకి పెడితే ఖరీదైన సినిమా కూడా స్టూడియో సీరియల్లా తయారవుతుంది. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి వీడియో పెట్టి మరీ దాన్ని ఆపెయ్యండి అని జనాన్ని వేడుకున్నారు. ఆటకైతే ఇది ఇంకా హాని. మధ్య బొమ్మ గీయాలంటే తర్వాతి బొమ్మ చేతికి వచ్చేదాకా టీవీ ఆగాలి. మీరు నొక్కిన మీటకీ కనబడే ఫలితానికీ మధ్య ఒక్కోసారి 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. టీవీలో గేమ్ మోడ్ అని ఒకటి ఉంటుంది, ఈ అలంకారాలన్నీ ఆపేసి వచ్చిన బొమ్మని వచ్చినట్టు చూపించేది అదే. వేలకు వేలు పెట్టి కన్సోల్ కొని గేమ్ మోడ్ పెట్టుకోని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆటలో ఓడిపోయి పిల్లవాడు కంట్రోలర్‌ని తిడుతుంటే ముందు టీవీ మెనూ తెరిచి చూడండి.

ఇక త్రీడీ. కళ్ళకి లోతు కనబడే బొమ్మ గురించి.

మన రెండు కళ్ళ మధ్య సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడం. ఒకే వస్తువుని రెండూ కొద్ది తేడాగా చూస్తాయి, ఆ తేడాలోంచి మెదడు దూరం లెక్కగడుతుంది. 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ రెండు అద్దాలు, రెండు బొమ్మలతో దీన్ని చేసి చూపించాడు. మన దేశంలో మొదటి త్రీడీ సినిమా 1984 నాటి మలయాళ చిత్రం మై డియర్ కుట్టిచాతన్. తెలుగులో చిన్నారి చేతనగా వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని తెరలోంచి వచ్చే వస్తువుని అందుకోబోయినవాళ్ళు ఇది వినేవాళ్ళలో తప్పక ఉండి ఉంటారు. సినిమాకి ఇది సులువు. రెండు బొమ్మలూ ముందే తీసి పెట్టినవి, చూపించడమే తరువాయి. ఆటకి అలా కుదరదు. ఎడమ కంటికొక బొమ్మ, కుడి కంటికొక బొమ్మ, రెండూ అప్పటికప్పుడు గీయాలి. గీయడానికి ఉన్నది మాత్రం అవే 16.7 మిల్లీసెకన్లు.

1987లోనే నింటెండో, సెగా రెండూ కళ్ళజోళ్ళు తెచ్చాయి. ఎడమ అద్దం, కుడి అద్దం మార్చి మార్చి మూసుకునేవి. సెకనుకి 60 మెరుపులున్న టీవీలో ఒక్కో కంటికి 30 దక్కేవి, దాంతో తెర గడగడా వణికినట్టుండేది, తలనొప్పి ఖాయం. 1995లో గేమ్ బాయ్ సృష్టికర్త గున్‌పే యొకోయి ఇంకో దారి పట్టాడు. దాని పేరు వర్చువల్ బాయ్. బల్ల మీద రెండు కాళ్ళ స్టాండు, దాని మీద ముఖం ఆనించే పెట్టె. లోపల ఒక్కో కంటికి తెరే లేదు! నిలువుగా ఒకే ఒక్క వరసలో 224 ఎర్ర ఎల్.ఇ.డి. దీపాలు, వాటి ఎదురుగా సెకనుకి 50 సార్లు ఊగే అద్దం. అద్దం ఊగే కొద్దీ ఆ ఒక్క వరస వెలుగు పక్కపక్కన పరుచుకుని 384 నిలువు వరసలవుతుంది. కంటికి పూర్తి బొమ్మ కనబడుతుంది. అన్నీ ఎరుపు, వెనక కటిక నలుపు, ఎందుకంటే అప్పట్లో చవగ్గా, బ్యాటరీ తాగకుండా దొరికినవి ఎర్ర దీపాలే. తెలివి చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆడితే మెడ పట్టేస్తుంది. కాసేపయ్యాక కళ్ళకి విశ్రాంతి ఇవ్వమని ఆటే ఆగిపోయే ఏర్పాటు పెట్టారంటే వాళ్ళకీ అనుమానం ఉన్నట్టే. అమ్ముడైనవి 8 లక్షలు కూడా లేవు, ఏడాది తిరక్కుండా మూసేశారు.

2011లో నింటెండో 3డీఎస్ కళ్ళజోడు లేకుండా చేసింది. తెర ముందు సన్నని నిలువు చీలికల పొర. చీలికల్లోంచి ఎడమ కంటికి కొన్ని వరసలు, కుడి కంటికి కొన్ని వరసలు కనబడతాయి. పై తెరలో అడ్డంగా 800 చుక్కలు, పంచుకుంటే కంటికి 400. తల కాస్త పక్కకి జరిగితే బొమ్మ రెండుగా విడిపోయేది. 2014 నాటి కొత్త మోడల్లో ముందున్న కెమెరా మీ ముఖం ఎటుందో చూసి పొరని సర్దుకునేలా చేసి ఆ బాధ తగ్గించారు. కానీ అసలు కథ పక్కనున్న చిన్న మీటలో ఉంది. పైకి తోస్తే త్రీడీ, పూర్తిగా కిందికి లాగితే మామూలు బొమ్మ. డెడ్ ఆర్ అలైవ్ డైమెన్షన్స్ అనే కొట్లాట ఆటలో మీట కిందికి లాగితే 60 ఫ్రేములు, పైకి తోస్తే 30. లోతు కావాలంటే కదలికలో సగం వదులుకో అని ఇంత నిజాయితీగా చెప్పిన యంత్రం ఇంకోటి లేదు. చాలామంది మీటని కిందే ఉంచేశారు. 2013లో నింటెండో ఆ పొర తీసేసి 2డీఎస్ అని చవకది అమ్మింది.

పెద్ద తెర మీద సోనీ కథా ఇదే. 2009 డిసెంబరులో అవతార్ వచ్చాక త్రీడీ టీవీల జాతర మొదలైంది. 2010లో ప్లేస్టేషన్ 3ని ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేటుతో త్రీడీ యంత్రంగా మార్చారు. వైపౌట్ హెచ్.డి. అనే పందెం ఆట మామూలుగా 1080 గీతలతో, 60 ఫ్రేములతో దూసుకుపోయేది. త్రీడీ పెట్టగానే 720 గీతలు, 30 ఫ్రేములు. హెచ్.డి.ఎం.ఐ. తీగలో ఆటల త్రీడీకి పెట్టిన కొలత కూడా 720 గీతలే. రెండు కళ్ళ బొమ్మలు ఒకదాని కింద ఒకటి, మధ్యలో 30 ఖాళీ గీతలు, ఇలా పొడుగాటి ఒకే బొమ్మగా కట్టి పంపేవారు. 2017 వచ్చేసరికి ఎల్.జి., సోనీ కూడా త్రీడీ టీవీలు ఆపేశాయి. కళ్ళజోడు చిరాకు వల్ల పోయిందని అందరూ అంటారు. కన్ను ఒక దూరానికి కుదురుకుని ఇంకో దూరానికి మళ్ళాల్సి రావడంతో అలసట అని వైద్యులు అంటారు. రెండూ నిజమే. ఆటల వరకు చూస్తే మాత్రం త్రీడీ చచ్చింది ఆ 16.7 మిల్లీసెకన్ల పంపకంలో. ఒక కంటికే చాలీచాలని కాలాన్ని రెండు కళ్ళకి పంచితే ఏ కంటికీ కడుపు నిండలేదు.

అయితే త్రీడీ పోతూ పోతూ వదిలివెళ్ళిన ఆస్తి ఉంది, అది మనం రోజూ వాడుకుంటున్నాం. మొదటిది 120 హెర్ట్జ్ తెర. 2009లో ఎన్‌విడియా కంప్యూటర్ ఆటలకి త్రీడీ కళ్ళజోడు తెచ్చినప్పుడు ఒక్కో కంటికి 60 ఇవ్వాలంటే తెర 120 సార్లు మారాలి. దానికోసమే శాంసంగ్, వ్యూసోనిక్ 120 హెర్ట్జ్ ఎల్.సి.డి. మానిటర్లు మార్కెట్లోకి తెచ్చాయి. కొన్నవాళ్ళలో చాలామంది కళ్ళజోడు సొరుగులో పడేసి, మామూలు ఆటనే 120లో ఆడి, అబ్బా అన్నారు. రెండోది ఇంకా తమాషా. ఎడమ కంటి బొమ్మ కుడి కంట్లో నీడలా పడకుండా, బొమ్మ మారే సమయంలో తెర వెనక దీపాన్ని ఆర్పి, బొమ్మ కుదురుకున్నాక ఒక్కసారి గట్టిగా మెరిపించే ఏర్పాటు చేశారు, లైట్‌బూస్ట్ అని. 2012 ప్రాంతంలో ఆటగాళ్ళు దాన్ని కళ్ళజోడు లేకుండా ఆన్ చేసే కిటుకు పట్టారు. మెరిసి ఆరే వెలుగు అంటే ఏమిటి? పాత డబ్బా టీవీయే కదా. మరక మాయం. త్రీడీ కోసం పెట్టిన దీపం కదలికకి మందయింది.

మూడోది లెక్కల కిటుకు. రెండో కంటి బొమ్మని మొదట్నుంచీ గీయకుండా, మొదటి బొమ్మలో ఏ చుక్క ఎంత దూరంలో ఉందో తెలుసు గనక, దాన్నే దూరాన్ని బట్టి పక్కకి జరిపి రెండోది తయారుచెయ్యడం. 2011లో క్రైసిస్ 2 కన్సోళ్ళ మీద ఇలాగే త్రీడీ చూపించింది, కాలం ఖర్చు చాలా స్వల్పం. ఐదేళ్ళకి, 2016లో వచ్చిన ప్లేస్టేషన్ వి.ఆర్.లో దీని దాయాది పెద్ద పనికి దిగింది. తలకి కట్టుకున్న తెర మీ తల తిప్పుడు వెంట రాకపోతే, ఆలస్యం 20 మిల్లీసెకన్లు దాటితే, కడుపులో తిప్పుతుంది. ఆట గీసేది 60 ఫ్రేములు. మధ్యలో, తల ఎటు తిరిగిందో ఆఖరి క్షణంలో చూసి, ఉన్న బొమ్మనే అటు జరిపి 120 చూపిస్తారు. ఇవాళ కన్సోళ్ళలో కొత్తగా చెప్పుకుంటున్న ఫ్రేము తయారీ, అంటే గీసిన రెండు బొమ్మల మధ్య గీయని బొమ్మని పుట్టించడం, ఈ వంశంలోదే. దానికీ ఆ టీవీ జబ్బు ఉంది మరి, తర్వాతి బొమ్మ కోసం ఆగాలి. కంటికి 120, చేతికి 60. అంకె చూసి మోసపోకండి.

2011లోనే సోనీ 24 అంగుళాల త్రీడీ మానిటరు ఒకటి అమ్మింది. అందులో నాకు భలే నచ్చిన ఏర్పాటు, ఎడమ కన్ను కుడి కన్ను బదులు ఇద్దరు మనుషులకి బొమ్మలు పంచడం. ఒకరి కళ్ళజోడులో రెండద్దాలకీ ఒక బొమ్మ, రెండోవారి జోడులో ఇంకో బొమ్మ. ఒకే తెర, ఇద్దరికీ తెర మొత్తం, ఎదుటివాడి ఆట కనబడదు. అన్నదమ్ముల తగువులకి ఇంతకంటే మంచి మందు లేదు. నిలబడలేదు గానీ, మళ్ళీ ఎవరైనా చేస్తే బాగుండు.

ఇప్పటి సంగతికి వద్దాం. బస్సు కథ గుర్తుంది కదా. 2022 ఏప్రిల్లో ప్లేస్టేషన్ 5లోకి, అంతకు నాలుగేళ్ళ ముందే ఎక్స్‌బాక్స్‌లోకి వి.ఆర్.ఆర్. అనే సదుపాయం వచ్చింది. బొమ్మ తయారయ్యేదాకా బస్సే ఆగుతుంది. 17 మిల్లీసెకన్లకి వచ్చిన బొమ్మ 17కే బయల్దేరుతుంది, చిరుగూ లేదు, కుదుపూ తగ్గుతుంది. టీవీకి కూడా ఆ శక్తి ఉండాలి. ఇంకో చక్కటి లెక్క 2021లో రాచెట్ అండ్ క్లాంక్ ఆటలో పెట్టారు, 40 ఫ్రేములు. 60లో 40 పోదు, 120లో మూడుసార్లు సరిగ్గా పోతుంది, ఒక్కో బొమ్మని మూడుసార్లు చూపిస్తే సరి. 30 దగ్గర బొమ్మకి 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7, 40 దగ్గర 25. అంకెల్లో 30కి దగ్గరగా కనబడుతుంది గానీ కాలంలో సరిగ్గా నడుమ ఉంది. వెలుగునీడల సొగసు దాదాపు అంతా నిలుస్తుంది, చేతికి బరువు దిగిపోతుంది.

కాబట్టి ఆట మొదలుపెట్టగానే సెట్టింగుల్లో క్వాలిటీనా, పర్‌ఫార్మెన్సా అని అడుగుతుంది కదా, పందెం ఆట, ఫుట్‌బాల్, కొట్లాట అయితే ఆలోచించకుండా పర్‌ఫార్మెన్స్ పెట్టండి. నింపాదిగా నడుస్తూ ఊళ్ళు చూసే కథ అయితే క్వాలిటీ మీద ఒక పూట ఆడి చూడండి, నచ్చకపోతే మార్చుకోవచ్చు. టీవీ 120 హెర్ట్జ్‌దైతే 40 ఉందేమో వెతకండి. ఒకటి మాత్రం మరిచిపోవద్దు. చాలా టీవీల్లో ఉన్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలన్నిటికీ 120 శక్తి ఉండదు, ఒకటో రెండో వాటికే ఉంటుంది. ఏది అన్నది టీవీ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, గోడకి బిగించకముందే చూసుకోండి.